పూత లేని నెలలో పూత వాసన

లేయా కళ్ళు తెరిచేసరికి కెమిస్ట్రీ ల్యాబు నేల మీద వెల్లకిలా పడివుంది. కుడి పిడికిట్లో ఎవరిదో తాళంచెవుల గుత్తి ఉంది. ముక్కు దగ్గర చితకగొట్టిన ఉల్లిపాయ ఘాటు. నాలుక అంచు తెగి నోరంతా ఉప్పగా ఉంది. చుట్టూ కాళ్ళే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళన్నీ ఆమెకు నాలుగడుగుల దూరంలో, గీత గీసినట్టు ఆగిపోయి ఉన్నాయి.

“లేచింది, లేచింది.”

“మూర్ఛ రా బాబూ, కాకి సోమాలు. ఇన్నాళ్ళూ చెప్పనేలేదు చూడు!”

లేయా మెల్లగా లేచి కూర్చుంది. పిడికిలి విప్పి చూసుకుని, “ఈ తాళాలెవరివి?” అంది.

“నావేనమ్మా,” అన్నాడు అటెండరు అప్పారావు. “ఇనుం తగిల్తే దిగుద్దంటారు గదా అని పెట్టా.”

“దానంతటది దిగుతుందండీ. మీరేం పెట్టక్కర్లేదు,” అని ఇచ్చేసింది. మాట ఇంకా ముద్దగా వస్తోంది. పరికిణీ తడిసిన సంగతి అప్పుడు చూసుకుంది. భాగ్యవతి అనే అమ్మాయి ఒక్కతే గీత దాటి వచ్చి తన ఓణీ తీసి ఆమె ఒళ్ళో కప్పింది.

అది 1984 ఆగస్టు నెల. ఆ డిగ్రీ కాలేజీ నూజివీడు శివార్లలో ఒక పాత మామిడితోటలో కొత్తగా వెలిసింది. లేయా బీఎస్సీ రెండో ఏడాది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. రెడ్డిగూడెం క్రైస్తవపేట నుంచి డిగ్రీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. తండ్రి సువర్ణరాజు తోటల్లో కాయ కోస్తాడు. కాయ నేల తాకకుండా, సొన మీద పడకుండా చిక్కంతో దించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. తల్లి రిబ్కమ్మ గంపల్లో గడ్డి పరిచి కాయ పేరుస్తుంది.

ఈ జబ్బు లేయాకి ఎనిమిదో ఏట పట్టుకుంది. రాబోయే ముందు ప్రతిసారీ ఆమెకి మామిడిపూత వాసన వచ్చేది. కడుపులోంచి ఒక తెర లేచినట్టుండేది. ఆ వెనకే లోకం ఆరిపోయేది. “అమ్మా, పూత వాసనొస్తోందే” అని శ్రావణమాసంలో చెబితే రిబ్కమ్మ చెట్లకేసి చూసి, “పిచ్చిపిల్లా, ఇప్పుడు పూతెక్కడిదే?” అనేది. ఇంతలోనే పిల్ల పడిపోయేది. తాయెత్తులు కట్టారు. చర్చిలో తల మీద చేతులుంచి ప్రార్థనలు చేశారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు నెల వాడి, తగ్గిందనుకుని మానేశారు. ఇంటరు రెండేళ్ళూ ఒక్కసారి కూడా రాకపోయేసరికి పోయిందనే అనుకున్నారు. కాలేజీలో ఎవరికీ చెప్పొద్దని తల్లి ఒట్టు వేయించుకుంది. లేయా ఆ ఒట్టు నిలబెట్టుకుంది, ఆ ల్యాబు రోజు దాకా.

మర్నాడు ప్రిన్సిపాలు ప్రభాకరరావు సువర్ణరాజుకి కబురు పెట్టాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అంతకు రెండేళ్ళ ముందు అదే ల్యాబులో ఒక కుర్రాడి చెయ్యి యాసిడ్‌తో కాలితే కాలేజీ కమిటీ ముందు మూడు గంటలు నిలబడి సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ భయం ఇంకా ఆయన్ని వదల్లేదు.

“ఏమయ్యా సువర్ణరాజూ, మీ అమ్మాయి తెలివైందే. కాదన్ను. రేపు బర్నరు మీద పడితే ఎవరు జవాబు చెబుతారు? టీసీ తీసుకెళ్ళు. ఇంట్లో ఉంటే పిల్ల క్షేమంగా ఉంటుంది.”

సువర్ణరాజు తలపాగా చేతిలో నలుపుతూ, “అట్టాగే బాబూ, తమరెట్టా అంటే అట్టా,” అన్నాడు. గుమాస్తా కాగితం ముందుకు జరిపాడు. వయోజన పాఠశాలలో నేర్చుకున్న సంతకం పెట్టడానికి ఆయన పెన్ను అందుకున్నాడు.

“సార్,” అంది లేయా. “కాలేజీ విడిచిపెట్టడానికి కారణం అని ఒక గడి ఉందండి. అందులో ఏం రాశారు?”

గుమాస్తా ప్రిన్సిపాలు కేసి చూశాడు. “తండ్రి కోరిక మీద,” అన్నాడు.

“మా నాన్న కోరలేదండి.”

“అమ్మాయ్, పెద్దవాళ్ళ మధ్య...” అన్నాడు ప్రిన్సిపాలు.

“కాలేజీయే పొమ్మంది అని రాయండి సార్. ఫలానా జబ్బు ఉంది కాబట్టి పొమ్మన్నాం అని రాసి మీరు సంతకం పెట్టండి. నేను తీసుకుని వెళ్ళిపోతాను. మా నాన్న అడగని మాట మా నాన్న అడిగినట్టు రాస్తే మాత్రం వెళ్ళను.”

ప్రభాకరరావు సువర్ణరాజు వైపు తిరిగి, “ఏమయ్యా? నువ్వు కోరావా లేదా?” అన్నాడు.

పెద్దల ముందు సువర్ణరాజు ఏనాడూ కాదని ఎరగడు. కూతురి మొహం చూశాడు. పెన్ను చూశాడు. దాన్ని బల్ల మీద పెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

“నేను కోరలేదు బాబూ,” అన్నాడు.

టీసీ అలాగే ఆగిపోయింది. కానీ ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. వైద్యుడి సర్టిఫికెట్ తెచ్చేదాకా ఆమెని ల్యాబుల్లోకి రానివ్వరు. ప్రాక్టికల్స్ చెయ్యకపోతే పరీక్ష లేదు. పొమ్మనకుండా పొమ్మనడమే అది.

లేయా మర్నాడు స్టూలొకటి తెచ్చుకుని ల్యాబు కిటికీ బయట వరండాలో వేసుకుంది. లోపల భాగ్యవతి బల్ల కిటికీ పక్కనే. ఆ పిల్ల చేసేది చూస్తూ, రీడింగులు వింటూ, రికార్డు పుస్తకం రాసుకునేది. వాన పడితే జల్లు కొట్టేది. పుస్తకాన్ని ఓణీలో చుట్టుకుని అక్కడే కూర్చునేది. దారినపోయే కుర్రాళ్ళు “కిటికీ కాలేజీ” అని పేరు పెట్టారు. వాళ్ళకేసి చూసేది కాదు.

ఇంటి దగ్గర సువర్ణరాజు ఒక పని మొదలుపెట్టాడు. వాన వెలిశాక వరిచేల బోదె కాలవల్లో దిగి కప్పల్ని పట్టి కుండలో వేసుకొచ్చేవాడు. “లోపల వాళ్ళు కొయ్యనిస్తే మనకేం, కోయనివ్వకపోతే మనకేం?” అనేవాడు. పెరట్లో చెక్కముక్క మీద బ్లేడుతో లేయా కప్ప కోస్తుంటే, రిబ్కమ్మ మొహం తిప్పుకుని, “పిల్లకి జబ్బు, తండ్రికి పిచ్చి,” అని గొణిగేది. అయినా గోరంత ఎముక తొలిచి, నలగకుండా కప్ప మెదడు బయటికి తీయడం లేయాకి అలవడింది ఆ పెరట్లోనే. తెల్లగా, రెండు వేపగింజలు పక్కపక్కన పెట్టినట్టుండే ఆ వస్తువుని అరచేతిలో పెట్టుకుని ఆమె చాలాసేపు చూసేది. కప్పకి కూడా వాసన తెలిసేది దీని ముందుభాగంలోనే అని పుస్తకంలో ఉంది. మరి తన పూత వాసన?

జువాలజీ చెప్పే సత్యవతి మేడం మెత్తని మనిషి, పర్మనెంటు కాని ఉద్యోగం. ఒకరోజు కిటికీ దగ్గరికొచ్చి చుట్టూ చూసి, దిండంత ఇంగ్లీషు ఫిజియాలజీ పుస్తకం లేయా ఒళ్ళో పెట్టింది. “నాదే. లైబ్రరీది కాదు. పదిహేనో తారీకులోపు ఇచ్చెయ్,” అంది.

లేయాది తెలుగు మీడియం. నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకి ఒకటిన్నర పేజీ చొప్పున చదివింది. వాళ్ళ తెలుగు పాఠ్యపుస్తకంలో తన జబ్బు పేరు అపస్మారం, ఒకే ఒక్క వాక్యం. ఈ పుస్తకంలో మూడు పేజీలున్నాయి. మెదడంతా నాడీకణాలు, వాటి మధ్య నిత్యం విద్యుత్తు. ఒకచోట కొన్ని కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా మోగితే అది తక్కినవాటికి పాకుతుంది. ఎక్కడ మొదలైతే ఆ చోటు చేసే పనే మనిషికి ముందుగా తెలుస్తుంది. చెయ్యి కదిలించే చోటైతే చెయ్యి ముందు కొట్టుకుంటుంది. చూపు ఉండే చోటైతే వెలుగులు కనిపిస్తాయి. వాసన తెలిసే చోటైతే...

ఆ వాక్యం దగ్గర లేయా నిఘంటువు మూసేసింది. ఇక అక్కర్లేకపోయింది. ఆగస్టులో పూత ఉండదు. తోటలో లేని వాసన తన తలలోనే పుడుతోంది. చెవి పైన, లోపలి వైపు, టెంపొరల్ లోబ్ అనేచోట. పదకొండేళ్ళుగా దయ్యమన్నారు, గాలన్నారు, పాపమన్నారు. దానికి ఒక చిరునామా ఉందని ఆ రోజు తెలిసింది. సంతోషం కన్నా ముందు ఆమెకి పట్టలేని కోపం వచ్చింది. ఈ మూడు పేజీలు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి?

అక్టోబర్లో తండ్రీ కూతుళ్ళు బస్సెక్కి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళారు. ఓపీలో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. డాక్టరుగారు తలెత్తకుండానే, “ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగాడు.

లేయా అన్నీ చెప్పి, “నాకు ముందుగా వాసన వస్తుంది సార్. అది టెంపొరల్ లోబ్‌లో మొదలవుతోందని నా అనుమానం. ఎడమవైపో కుడివైపో తెలీదు,” అంది.

ఆయన పెన్ను పక్కన పెట్టి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. “ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదండి. ఆగస్టులో మామిడి పూయదు గదా.”

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదది. ఈఈజీకి రాశాడు. చీకటి గదిలో జుట్టు పాయలు తీసి జిగురుతో తీగలు అంటించారు. మెషీన్ మీద ఎనిమిది ములుకులు కదులుతూ కాగితం మీద గీతలు గీస్తున్నాయి. “కళ్ళు మూసుకో, బాగా ఊపిరి పీల్చు” అని టెక్నీషియన్ చెబుతుంటే, కళ్ళు మూసుకున్న లేయాకి ఆ ములుకుల గీకుడు వినిపిస్తూనే ఉంది. తన మెదడు రాస్తున్న చప్పుడది. తర్వాత డాక్టరుగారు కాగితం పరిచి చూపించాడు. సన్నటి అలల మధ్య ఒకచోట ముళ్ళకంపలా నిలువుగా లేచిన గీతలు. “ఎడమ. నీ అనుమానం నిజమే. ఈ మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దు. నావంతు నేను చూస్తాను. నువ్వు చదువు ఆపకు.” సర్టిఫికెట్ మీద, ఒంటరిగా మంట దగ్గర ఉండకూడదు, చెట్లెక్కకూడదు, నూతుల దగ్గరికి పోకూడదు, తక్కిన పనులన్నీ చేయవచ్చు అని రాసిచ్చాడు. ఆమె బతిమాలితే కాగితం పట్టీలో ఒక మూర ముక్క కూడా చింపి ఇచ్చాడు.

ప్రభాకరరావు సర్టిఫికెట్ రెండుసార్లు చదివాడు. “నయమైందని లేదు గదమ్మా ఇందులో.”

“నయం కాలేదండి. అదుపులో పెడతామని ఉంది.”

“చూద్దాం. కమిటీలో పెడతాను.”

కమిటీ నవంబరులో కూర్చోలేదు, డిసెంబరులో కూర్చోలేదు. లేయా స్టూలు వరండాలోనే ఉంది.

ఫిబ్రవరిలో జువాలజీ అసోసియేషన్ సభ. రెండో ఏడాది వాళ్ళందరూ తలా ఒక సెమినార్ ఇవ్వాలి. లేయాకి వచ్చిన అంశం వానపాము విసర్జన వ్యవస్థ. ఆమె సత్యవతి మేడం దగ్గరికెళ్ళి, “మేడం, నేను మెదడు మీద మాట్లాడతాను. మూర్ఛ మీద,” అంది.

“పిచ్చా నీకు? ప్రిన్సిపాల్ గారు ముందు వరసలో కూర్చుంటారు. నా ఉద్యోగం సంగతి ఆలోచించావా?”

“మీకు చెప్పకుండా మార్చేశానని చెబుతానండి.”

మేడం కిటికీలోంచి బయటికి చూసింది. “అబద్ధం చెప్పకు. నన్నడిగే మార్చావని చెప్పు,” అంది. “మేకది పెద్దగా ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. మాంసం కొట్లో చెప్పి ఉంచు.”

ఆ రోజు హాలంతా నిండింది. కిటికీల బయట తోట విరగబూసి ఉంది. లేయాకి ఏటా ఈ రెండు నెలలంటేనే దడ. చెట్ల వాసన ఏదో, తల వాసన ఏదో తేల్చుకోలేదు. సువర్ణరాజు పని మానుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. రిబ్కమ్మ కూడా వచ్చింది. నలుగురిలో ఇది చెప్పొద్దని వారం రోజులు ఏడ్చింది, అయినా కొత్త చీర కట్టుకుని వచ్చింది.

లేయా పింగాణీ పళ్ళెంలో మేక మెదడు పెట్టి, బ్లేడుతో ఎడమ సగం విడదీసింది. ఎక్కడ చూపు, ఎక్కడ వినికిడి, ఎక్కడ కాళ్ళూ చేతులూ అని పుల్లతో చూపించింది. “వాసన ఇక్కడికి చేరుతుంది. ఈ చోట కణాలు అదుపు తప్పితే మనిషికి లేని వాసన వస్తుంది. దాన్ని మనం గాలి సోకిందంటాం. గాలి కాదు, కరెంటు.” వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆమె మడిచి పెట్టుకున్న ఈఈజీ ముక్క తీసి విప్పి, రెండు చేతులతో పైకెత్తింది. “ఇది మూర్ఛ ఉన్న మనిషి మెదడు రాసిన గీత. ఆ మనిషిని నేనే.”

నవ్వు ఆగిపోయింది. ప్రభాకరరావు కుర్చీలో ముందుకు వంగి, మెల్లగానే అన్నాడు. “ఇలాంటివి నలుగురిలో చెప్పుకుంటారా అమ్మా? రేపు నీకొక సంబంధం రావొద్దా?”

“నలుగురిలోనే పడ్డాను గదండీ సార్. పడింది అందరూ చూశారు. ఎందుకు పడ్డానో మాత్రం ఎవరూ వినకూడదా?”

ఆయన మళ్ళీ మాట్లాడేలోగా ఆమె హఠాత్తుగా ఆగింది. కిటికీల వైపు చూసింది. “మీ అందరికీ పూత వాసన వస్తోందా?” అని అడిగింది.

“తోటే గదా పక్కన!” అన్నారెవరో.

వాసన చిక్కబడింది. తోట వాసన గాలిని బట్టి వచ్చిపోతుంది. ఇది పోవడం లేదు. కడుపులోంచి తెర లేస్తోంది. మాత్రలు మొదలుపెట్టి నాలుగు నెలలే, పైగా రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు. ఆమె బ్లేడు దూరంగా జరిపి, నేల మీద కూర్చుంది.

“ఇప్పుడు వచ్చేది నాది,” అంది. “ఎవరూ తాళాలు పెట్టొద్దు. నోట్లో ఏం పెట్టొద్దు. నన్ను పక్కకి తిప్పండి చాలు. భాగ్యవతీ, గడియారం చూడు.”

తర్వాత సంగతి లేయాకి తెలీదు. తక్కిన వాళ్ళు చెప్పిందే. హాల్లో సగం మంది తలుపుల వైపు పరుగెత్తారు. అప్పారావు అలవాటుగా మొల దగ్గర గుత్తి తడుముకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. భాగ్యవతి ఒక చేత్తో ఆమెని పక్కకి తిప్పి పట్టుకుని, రెండో చేతి గడియారం వైపు చూస్తూ పైకి లెక్క చెప్పింది. సత్యవతి మేడం తన కొంగు మడిచి తల కింద పెట్టింది. గుమ్మం దగ్గర రిబ్కమ్మ పరుగెత్తబోతే సువర్ణరాజు చెయ్యి పట్టుకుని, “పిల్ల చెప్పింది గదే, ఆగు,” అన్నాడట. ఆయన కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు.

లేయా కళ్ళు తెరిచాక, చుట్టూ ఉన్నది ఏ చోటో పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మొదట అడిగిన మాట, “ఎంతసేపు?”

“నిమిషం నలభై సెకన్లు,” అంది భాగ్యవతి.

“రాసుకో.”

సెమినార్ కోసం రాసుకొచ్చిన కాగితాల్లో మిగిలిన రెండు పేజీలూ చదవడానికి ఆమెకి శక్తి లేదు. గోడకి చేరగిలబడి కూర్చుంది. భాగ్యవతి కాగితాలు తీసుకుని చివరిదాకా చదివింది. హాల్లో మిగిలింది ముప్ఫైమంది. ప్రభాకరరావు వాళ్ళలో ఉన్నాడు. ముందు వరసలో, చేతులు కట్టుకుని, అయ్యేదాకా కూర్చుని లేచి వెళ్ళాడు.

సోమవారం ప్రాక్టికల్ గంటకి లేయా స్టూలు వరండాలోంచి ఎత్తి, ల్యాబు లోపలికి తీసుకెళ్ళి భాగ్యవతి బల్ల పక్కన వేసుకుంది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ ఆపలేదు కూడా. కమిటీ నిర్ణయం అంటూ కాగితం ఏదీ ఏనాటికీ రాలేదు. నోటీసు బోర్డు మీది పాత కాగితం మాత్రం ఎవరో చించేశారు.

ఆ ఏప్రిల్లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు ఆమె తీసిన కప్ప మెదడు చూసి, ఇంత శుభ్రంగా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. “మా పెరట్లోనండి,” అంది. 1986లో జువాలజీలో ఫస్టుక్లాసు వచ్చింది. ఆ రెండేళ్ళలో మరో మూడుసార్లు పడింది. ఒక్కపూట కూడా మాత్ర మానలేదు.

ఎమ్మెస్సీ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. ఏవైనా దీర్ఘవ్యాధులు ఉన్నాయా? “ఖాళీగా వదిలెయ్యవే,” అంది రిబ్కమ్మ. లేయా ‘మూర్ఛ, ఎడమ టెంపొరల్ లోబ్’ అని స్పష్టంగా రాసి, ఏ ఏడాది ఎన్నిసార్లు వచ్చిందో కూడా కింద రాసింది. మొదటి జాబితాలో పేరు లేదు. రెండో జాబితాలో వచ్చింది. ఆఖరి ఏడాదిలో న్యూరోఫిజియాలజీ తీసుకోవచ్చని సీటు వచ్చిన కాగితంలో ఉంది. ఆ మాట ఆమె నాలుగుసార్లు చదువుకుంది.

యూనివర్సిటీ హాస్టలు వార్డెను దరఖాస్తు చూసి, “నీకు విడిగా ఒక గది ఇస్తానమ్మా, నీకూ ఇబ్బంది ఉండదు, పక్కవాళ్ళకీ ఉండదు,” అంది, దయగానే.

“ఒంటరి గది వద్దండి. నేను పడితే తిప్పడానికి ఒక మనిషి కావాలి. అందరిలాగే ఇద్దరి గది ఇవ్వండి.”

“ఎవరొప్పుకుంటారు?”

“అడుగుతాను.”

ట్రంకుపెట్టె వరండాలో పెట్టి, ఒక్కో గది తలుపూ కొట్టి, తన పేరూ తన జబ్బూ చెప్పి అడిగింది. మూడు గదుల వాళ్ళు ఇంకెవరో వస్తున్నారన్నారు. ఒకమ్మాయి తలుపే మూసేసింది. లేయా ఆ తలుపు ముందు ఒక్క క్షణం నిలబడి, తర్వాతి తలుపు కొట్టింది. తీసినమ్మాయి పేరు శారద, ఊరు చింతలపూడి. తల దువ్వుకుంటూ అంతా విన్నది.

“పక్కకి తిప్పాలి, టైము చూడాలి. అంతేనా?”

“అంతే.”

“అది సరే. గురక పెడతావా?”

“పెట్టను.”

“అయితే రా. కిటికీ పక్క మంచం మాత్రం నాది,” అని శారద పెట్టె రెండోవైపు పట్టుకోవడానికి బయటికి వచ్చింది.